దేవదాసు నిజమైన ప్రేమికుడా, పిరికివాడా?

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. ఎం.ఏ. సెమినార్ కోసం మీరు బెంగాలీ రచయిత శరత్ చంద్ర ఛటర్జీ (మన శరత్ బాబు) రాసిన ‘దేవదాసు’ నవల తీసుకున్నారు, అందులో మగతనం గురించి, ఆడామగా పాత్రల గురించి రాయాలి, ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు అన్నారు. అది ఒకటి. క్లాసులో చర్చ పెడితే ‘ఆ రోజు చెరువు గట్టు మీద పార్వతి కాస్త అహం తగ్గించుకుని ఉంటే కథ సుఖాంతమయ్యేది, దేవదాసు బతికేవాడు’ అని ఎక్కువమంది అన్నారట. అది సరైన మాటేనా అని అడిగారు. అది రెండోది. చాలా ఏళ్లుగా ఈ నవల పాఠం చెబుతున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. నేను మాట్లాడేది ముఖ్యంగా నవల గురించి. సినిమాల సంగతి చివర్లో వస్తుంది. మీ క్లాసువాళ్ల అభిప్రాయం సినిమాలు చూసి ఏర్పడిందని నా అనుమానం.

రెండోదానికి ముందు జవాబు చెప్తాను. కాదు. పార్వతి తన అహాన్ని ఎప్పుడో తీసి పక్కన పెట్టింది. చెరువు గట్టు గొడవకు ముందే, ఒక అర్ధరాత్రి, పదమూడేళ్ల పిల్ల ఒంటరిగా ఇంట్లోంచి బయటికొచ్చి, జమీందారు గారి వాకిలి దాటి, కాపలావాడు చూస్తుండగానే దేవదాసు గదిలోకి వెళ్లింది. ఇంతకన్నా తగ్గడం ఏముంటుంది?

ఆమె ఎందుకు వెళ్లిందో గుర్తు చేసుకోండి. పెద్దవాళ్ల మధ్య మాట అప్పటికే అయిపోయింది. పార్వతి నాయనమ్మ దేవదాసు తల్లి దగ్గర పెళ్లి ప్రస్తావన తెస్తే దేవదాసు వాళ్లు, అంటే ముఖర్జీల ఇల్లు, కాదంది. పార్వతి వాళ్లది, అంటే చక్రవర్తి కుటుంబానిది, కన్యాశుల్కం పుచ్చుకునే ఇల్లు, కులంలో ఒక మెట్టు తక్కువ, పైగా పక్కింటి సంబంధం. ఈ అవమానానికి పార్వతి తండ్రి నీలకంఠ చక్రవర్తికి పౌరుషం వచ్చి, వారం తిరక్కుండా వేరే సంబంధం ఖాయం చేసుకొచ్చాడు. వర్ధమాన్ జిల్లా హాతీపోతా జమీందారు భువన్ చౌదరి. భార్య పోయినవాడు, ఎదిగిన పిల్లలున్నవాడు, నలభైకి దగ్గర పడ్డవాడు. ఒక ఇంటి పెద్ద తన పరువు కోసం కాదన్నాడు, ఇంకో ఇంటి పెద్ద తన పరువు కోసం కూతుర్ని దూరంగా ఇచ్చేస్తున్నాడు. ఇద్దరు తండ్రులూ తమకు తోచిన మగతనమే చూపించారు. పిల్లను మాత్రం ఎవరూ అడగలేదు.

అప్పుడు పార్వతి ఏం చేసిందో చూడండి. స్నేహితురాలు మనోరమ ‘పెళ్లికొడుకు ఎవరే’ అని అడిగితే దేవదాసు పేరే చెప్పింది. స్వయంగా వెళ్లి అడుగుతానంటే మనోరమ నోరు వెళ్లబెట్టింది, సిగ్గు లేదా అంది. ఆ ఊళ్లో, ఆ కులంలో, ఆ వయసు ఆడపిల్ల తన పెళ్లి గురించి నోరు తెరవడమే తప్పు. పార్వతి నోరు తెరవడమే కాదు, కాళ్లు కూడా కదిపింది.

ఇక ఆ గదిలో సంభాషణ. మీ పేపర్‌కి ఇదే గుండెకాయ, కాబట్టి ఈ సన్నివేశాన్ని నాలుగైదుసార్లు చదవండి. దేవదాసు నిద్రలేచి చూస్తాడు. మొదట అడిగేది, ఇంత రాత్రి వచ్చావు, దయ్యాలంటే భయం లేదా అని. దయ్యాలంటే భయం లేదంటుంది. మనుషులంటే లేదా? ఎవరైనా చూశారా? కాపలావాడు చూశాడా? రేపు నీ ముఖం ఎలా చూపిస్తావు? వరసగా ఇవే. ఆమె ఎందుకొచ్చిందన్నది అతనికి తరవాతి సంగతి. పార్వతి మాత్రం స్థిమితంగా జవాబులు చెబుతుంది. నా సిగ్గంతా నువ్వు కప్పుతావని తెలియకపోతే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని అంటుంది. నదిలో అన్ని నీళ్లున్నాయి, అవి చాలవా నా కళంకం కప్పడానికి అని కూడా అంటుంది. చనిపోవడానికి సిద్ధపడే వచ్చింది. అతను అడుగుతాడు, నేను తప్ప నీకు వేరే దారి లేదా? అమ్మానాన్నల మాట కాదనమంటావా? అనమంటుంది ఆమె. దోషమేముంది అంటుంది. అప్పుడు నువ్వెక్కడుంటావు అంటే, నీ పాదాల దగ్గర అంటుంది.

ఆ చివరి మాట పట్టుకుని పార్వతిని అణిగిమణిగి ఉండే పిల్ల అనేవాళ్లున్నారు. మాట అదే, కానీ ఆ మాట అనడానికి ఆమె నడిచి వచ్చిన దూరం చూడండి. మన సంప్రదాయంలో మగాడి లక్షణాలని చెప్పుకునేవి ఏమిటి? ముందు తానే అడగడం, భయపడకపోవడం, పదిమంది ఏమనుకున్నా మాట మీద నిలబడటం, జరగబోయేదానికి పూచీ తీసుకోవడం. ఆ గదిలో ఇవన్నీ చేసింది పార్వతి. ఊరేమనుకుంటుందో, పెద్దలేమంటారో, పరువేమవుతుందో అని బెదిరింది దేవదాసు. ఈ రెండోవి సాధారణంగా ఆడపిల్లకు నేర్పే భయాలు. శరత్ ఇది తెలిసే రాశాడని నా నమ్మకం. ఒక్క సన్నివేశంలో పాత్రలు తారుమారు చేసి చూపించాడు, కానీ పేరు పెట్టి చెప్పలేదు.

తరవాత జరిగింది మీకు తెలుసు. తండ్రి దగ్గర మాటెత్తాడు, చీవాట్లు తిన్నాడు, కలకత్తా వెళ్లిపోయాడు. వెళ్లి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంలో ఏముందో చాలామందికి గుర్తుండదు. నిన్ను అంతగా ప్రేమిస్తున్నానని నాకెప్పుడూ అనిపించలేదు, ఇప్పుడు కూడా నీకోసం నాకు పెద్ద బాధేమీ కలగడం లేదు, నువ్వు నాకోసం బాధపడతావన్నదే నా దిగులు, నన్ను మరిచిపో. సారాంశం ఇది. మీది తక్కువ ఇల్లు కాబట్టి అమ్మ ఒప్పుకోదని కూడా రాశాడు. ఎదురుగా నిలబడి చెప్పలేనిది దూరం నుంచి కాగితం మీద చెప్పాడు. పోస్టు చేశాక పశ్చాత్తాపపడి ఊరికి పరుగెత్తుకొచ్చాడు. అప్పుడు జరిగింది ఆ చెరువు గట్టు సన్నివేశం.

అంటే అక్కడ పార్వతి కొత్తగా అహం చూపించలేదు. ప్రాణం పణంగా పెట్టి వెళ్లిన చోట ‘ఎవరైనా చూశారా’ అనిపించుకుని, ఆ తరవాత నువ్వంటే నాకంత లేదన్న ఉత్తరం అందుకుని, ఇప్పుడు అతను మనసు మార్చుకుని వస్తే ఎదురు మాట అంది. నీకు తల్లిదండ్రులుంటే నాకు లేరా అంది. నేను వెళ్లబోయే ఆయన ధనవంతుడు, బుద్ధిమంతుడు, శాంతస్వభావుడు, నిలకడ ఉన్నవాడు అంది. ఆ చివరి మాట దేవదాసుకు సూదిలా గుచ్చుకుంది, ఎందుకంటే అతనికి లేనిది అదే. అప్పుడు అతను చేసిన పని, చేతిలో ఉన్న గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొట్టడం. కొట్టే ముందు కవిత్వం కూడా చెబుతాడు. చంద్రుడికి అంత అందం ఉంది కాబట్టే మచ్చ ఉంది, పద్మం అంత తెల్లగా ఉంది కాబట్టే నల్ల తుమ్మెద వాలుతుంది, రా, నీ ముఖానికీ ఒక మచ్చ పెడతాను అంటాడు. రక్తం కారుతుంటే తన చొక్కా చింపి కట్టు కడతాడు.

ఈ దెబ్బను మనవాళ్లు ప్రేమ గుర్తుగా చదవడం నేర్చుకున్నారు. నాకు ఇది ఎన్నిసార్లు చదివినా ఒళ్లు మండుతుంది. అతను కొట్టింది ఎప్పుడు? తనకు ఎదురు తిరగగలిగే స్థితిలో ఆమె ఉన్నప్పుడు. తండ్రి చీవాట్లు పెట్టినప్పుడు చెయ్యి లేవలేదు, నోరు కూడా లేవలేదు. ఇంటికొచ్చి అడిగిన రాత్రి ఆమెకు ఏమీ ఇవ్వలేనివాడు, వేరొకరికి వెళ్లబోతున్నప్పుడు మాత్రం తన ముద్ర వేసి పంపాడు. మీ సెమినార్‌లో మగతనం గురించి ఒకే ఒక్క వాక్యం రాయాల్సి వస్తే ఇది రాయండి: దేవదాసుకు పైవాళ్ల ముందు తల వంచడం, కిందివాళ్ల మీద చెయ్యి ఎత్తడం తప్ప మూడో పద్ధతి ఎవరూ నేర్పలేదు.

ఇది హఠాత్తుగా వచ్చింది కాదు. నవల మొదటి అధ్యాయాలకు వెళ్లండి. బడిలో తన మీద పెత్తనం చేసే భులో అనే పిల్లాణ్ణి సున్నం కుప్పలోకి తోసి పారిపోతాడు దేవదాసు. తోటలో దాక్కుని హుక్కా పీలుస్తుంటాడు. పార్వతి కొంగులో మరమరాలు కట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది, అతనికి తినిపిస్తుంది. ఇంకోసారి వెదురు కొమ్మ పట్టుకోమంటాడు, ఆమె వదిలేస్తుంది, అతను పడతాడు, ఆమెను చితక్కొడతాడు. దెబ్బలు చూసి ఇంట్లో అడిగితే పార్వతి ఏం చెబుతుంది? బళ్లో పంతులు గారు కొట్టారని. ఆ అబద్ధం వల్ల ఆమె బడికి వెళ్లడమే కొన్నాళ్లు ఆగిపోతుంది. ఎంత చిన్న వయసులో నేర్చుకుందో చూడండి, కొట్టినవాణ్ణి కాపాడటం. దానికి ధర ఆమే కట్టింది, కొన్నాళ్లు తన బడి పోగొట్టుకుని. ఆ తరవాత దేవదాసు కలకత్తా వెళ్లి చదువుకున్నాడు. అతను వెళ్లాక ఆమె తిరిగి వెళ్లింది ఊరి బడికే. నవలలో ఈ విషయం రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది కాబట్టి పాఠకులు దాటేస్తారు. మీరు దాటకండి.

ఇక్కడ కాలం గురించి కొంచెం చెప్పాలి. ఈ నవల శరత్ ఇరవై నాలుగైదేళ్ల వయసులో, 1900 ప్రాంతంలో రాసినది. అచ్చులోకి వచ్చింది 1917లో. అచ్చు వేయడం ఆయనకే పెద్దగా ఇష్టం లేదు. తాగిన మత్తులో రాశానని ఒక స్నేహితుడికి ఉత్తరంలో చెప్పుకున్నాడు. కథ నడిచేది జమీందారీ బెంగాల్‌లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే తెల్ల దొరలు బెంగాలీ మగవాళ్లను ఆడంగులని రాస్తూ వచ్చారు. 1841లో మెకాలే వారెన్ హేస్టింగ్స్ మీద రాసిన వ్యాసంలో బెంగాలీల ఒంటి తీరే ఆడతనం దాకా బలహీనమని రాశాడు. చదువుకున్న బెంగాలీ యువకులకు ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. కొందరు వ్యాయామశాలలు పెట్టారు, కొందరు కర్రసాము నేర్చుకున్నారు. దేవదాసు లాంటి జమీందారు కొడుకు కలకత్తా నుంచి విదేశీ బూట్లు, చేతికర్ర, బంగారు గొలుసుతో గడియారం వేసుకుని వస్తాడు. అది దొర వేషం. ఊళ్లో పెత్తనం తండ్రిది, దేశంలో పెత్తనం దొరది. వేషం ఉంది, దానికి తగ్గ అధికారం లేదు. ఆ ఖాళీని పూడ్చడానికి అతని దగ్గర ఏమీ లేదు, ఉద్యోగం చేసి సంపాదించాల్సిన అవసరం కూడా లేదు.

దీని పక్కనే డబ్బు సంగతి చూడాలి. విమర్శకుల్లో చాలామంది ఇక్కడ ఆగరు. దేవదాసు పతనం అంటాం కానీ ఆ పతనం నడిచింది తండ్రి ఆస్తి మీద. తండ్రి పోయాక వచ్చిన వాటాతో. తాగడం, తిరగడం, లాహోరు, బొంబాయి, వెంట నమ్మకమైన నౌకరు ధర్మదాసు. ప్రేమ విఫలమైతే ఇలా ఏళ్ల తరబడి తనను తాను నాశనం చేసుకునే తీరిక ఆ కథలో ఇంకెవరికీ లేదు. ధర్మదాసుకు లేదు, యజమానిని మోయాలి. కలకత్తాలో అతను వెళ్లే వేశ్య చంద్రముఖికి లేదు, పూట గడవాలి. పార్వతికి అసలే లేదు, పెళ్లయిన మర్నాటి నుంచి ఒక జమీందారీ ఇల్లు నడపాలి.

పార్వతి హాతీపోతా జీవితం గురించి సినిమాలు చూసినవాళ్లకు ఏమీ తెలియదు. ఆమె వెళ్లేసరికి ఆ ఇంట్లో తనకన్నా పెద్ద సవతి పిల్లలున్నారు. కోపంతో ఉన్న సవతి కూతురికి తన నగలన్నీ తొడిగి మనసు గెలుచుకుంటుంది. సవతి కొడుకు మహేంద్రకు తల్లి అవుతుంది. అన్నదానాలు, పూజలు, ఇంటి లెక్కలు. భర్త చెడ్డవాడు కాదు, పెళ్లి చేసుకున్నందుకు లోలోపల సిగ్గుపడే మనిషి. ఆమె దుఃఖం ఎక్కడా ఆగిపోలేదు, పని కింద అణిగిపోయింది. దేవదాసు దుఃఖం అందరికీ కనిపిస్తుంది, ఎందుకంటే అతను అది తప్ప ఇంకే పనీ చేయడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ప్రేమించారు అనే పోటీ నాకు అక్కర్లేదు. ఎవరి బాధ లెక్కలోకి వచ్చింది, ఎవరి బాధ ఇంటిపనిగా మారిపోయింది అన్నదే మీ అంశానికి కావలసిన ప్రశ్న.

చంద్రముఖి దగ్గర ఆగుదాం. ఆమెను ‘వేశ్య అయినా మంచి మనసు’ అని ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం. దేవదాసు మొదటిసారి కలకత్తా స్నేహితుడు చున్నీలాల్‌తో ఆమె ఇంటికి వెళ్లినప్పుడు అసహ్యంతో డబ్బు పారేసి వచ్చేస్తాడు. తాగిన తరవాత కూడా మీరంటే నాకు అసహ్యం అని ముఖం మీదే అంటాడు. వచ్చేది మాత్రం మానడు. ఇది కూడా మగతనంలో ఒక భాగమే, గమనించండి: ఇంటి ఆడదానికి తన ముద్ర వెయ్యడం, బయటి ఆడదాన్ని వాడుకుంటూ ఛీ కొట్టడం. చంద్రముఖి అతనికి ఎదురు జవాబు చెప్పే తీరు అద్భుతం. ఆడవాళ్లు చపలచిత్తలని మగవాళ్లు అంటారు, చెప్పేదీ రాసేదీ మగవాళ్లే కాబట్టి ఆ మాట నిలబడింది, నిజంగా ప్రేమించే ఆడది సహించి ఊరుకుంటుంది, నోరెత్తదు అన్న ధోరణిలో మాట్లాడుతుంది. మొత్తం నవలలో మగవాళ్ల తీరు గురించి సూటిగా ఆలోచించి మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

తరవాత ఆమె నగలు అమ్మేసి, వృత్తి వదిలేసి, ఒక పల్లెటూళ్లో మట్టి ఇంట్లో ఉంటుంది. దేవదాసు కోసం వెతుక్కుంటూ కలకత్తా వచ్చి, అతన్ని కనిపెట్టడానికి మళ్లీ పాత వేషం వేసుకుంటుంది. ఒక రాత్రి రోడ్డు మీద తాగి పడి ఉన్న అతన్ని ఇంటికి తెచ్చి, వైద్యం చేయించి, కోలుకునేదాకా సేవ చేస్తుంది. మారింది ఎవరు? ప్రేమ కోసం జీవితాన్ని మొత్తం తిరగేసి కొత్తగా కట్టుకున్నది చంద్రముఖి. దేవదాసు కృతజ్ఞతతో ఆమెను భార్యను పిలిచినట్టు పిలుస్తాడు, అంతే. ఆమెకు ఇంకేమీ ఇవ్వడు. ఇక్కడే దిలీప్ కుమార్ నటించిన 1955 హిందీ సినిమా గురించి ఒక మాట. చంద్రముఖిగా చేసిన వైజయంతిమాలకు ఫిల్మ్‌ఫేర్ వాళ్లు సహాయనటి అవార్డు ప్రకటిస్తే, తనది కూడా ప్రధాన పాత్రేనని ఆమె తీసుకోలేదు. కథను సరిగ్గా చదివిన మనిషి అని నాకు ఆమె మీద గౌరవం.

ఇద్దరు ఆడవాళ్ల ప్రేమకూ నవల ఇచ్చిన రూపం ఒకటే, సేవ. దేవదాసు తండ్రి చనిపోయినప్పుడు పార్వతి ఊరికొస్తుంది, రాత్రిపూట అతని దగ్గరికి మళ్లీ వెళుతుంది. తాగనని మాటివ్వమంటుంది, అతను ఇవ్వడు. నీకు సేవ చేసే భాగ్యం నాకు దక్కలేదని ఏడుస్తుంది. అప్పుడు అతను ఇంకో మాటిస్తాడు, చచ్చిపోయే ముందు ఒకసారి నీ వాకిలికి వస్తానని. జీవితమంతటిలో అతను నిలబెట్టుకున్న మాట అదొక్కటే. మీరు ఇది బాగా ఆలోచించండి. బతికి ఉండగా ఆమె అడిగిన ఏ ఒక్కటీ చేయలేకపోయిన మనిషి, చావును మాత్రం తీసుకొచ్చి ఆమె గుమ్మం ముందు పెట్టాడు. పాండువా స్టేషన్‌లో రాత్రివేళ దిగి, ధర్మదాసుకు కూడా చెప్పకుండా, జ్వరంతో ఎడ్లబండిలో పదహారు క్రోసుల దూరం ప్రయాణం చేస్తాడు. ఆ ప్రయాణం చదువుతుంటే ఎవరికైనా గుండె కరుగుతుంది. నాకూ కరుగుతుంది. అతని మీద జాలి పడొద్దని నేను అనడం లేదు. జాలిపడుతూనే, ఆ గుమ్మం వెనక ఉన్న మనిషికి మర్నాడు ఏమవుతుందో కూడా అడగాలంటున్నాను.

నవల చివరి పేజీలో సరిగ్గా ఈ ప్రశ్న వస్తుంది. వార్త తెలిసి పార్వతి పిచ్చిదానిలా బయటికి పరుగెత్తుతుంది, ఇంట్లోవాళ్లు ఆపుతారు, స్పృహ తప్పి పడిపోతుంది. తరవాత రచయిత నేరుగా మనతో మాట్లాడతాడు. ఇన్నాళ్లకు పార్వతి ఏమైందో, ఎలా ఉందో తెలియదు, కనుక్కోవాలని కూడా అనిపించడం లేదు, దేవదాసు కోసం మాత్రం చాలా బాధగా ఉంది అంటాడు. అలాంటి దురదృష్టవంతుడు, తనను తాను అదుపు చేసుకోలేని పాపాత్ముడు మీకెప్పుడైనా తారసపడితే అతని కోసం ప్రార్థించండి, చనిపోయే క్షణంలో ప్రేమగా ఒక చెయ్యి అతని నుదుటిని తాకాలని కోరుకోండి అంటాడు.

మొదటిసారి చదివేవాళ్లు ఆ ప్రార్థన దగ్గర కంటతడి పెట్టుకుని, దానికి ముందున్న వాక్యాన్ని మరిచిపోతారు. కనుక్కోవాలని కూడా అనిపించడం లేదట! అప్పటిదాకా దేవదాసు తప్పులన్నీ కళ్లకు కట్టినట్టు చూపించిన రచయిత, పార్వతి ధైర్యాన్ని అంత చక్కగా రాసిన రచయిత, చివరికొచ్చేసరికి ఆమెను గడపలోపల వదిలేసి మగవాడితో వెళ్లిపోయాడు. గాలపు కర్ర మచ్చ పడిన నుదురు ఎవరిదో, ప్రేమగా చెయ్యి తాకాలని కోరుకున్న నుదురు ఎవరిదో పోల్చి చూడండి. శరత్ నాకు ఎంతో ఇష్టమైన రచయిత. ఆడవాళ్ల మనసును ఆయనలా రాసినవాళ్లు ఆ కాలంలో అరుదు. అయినా సరే ఈ వాక్యం దగ్గర ఆయన్ని నిలదీయాలి. మీ పేపర్‌లో ఇది మిగతావాళ్లు చెప్పని విషయం అవుతుంది.

ఇక సినిమాల సంగతి. మన తెలుగువాళ్లకు శరత్ బాబు పరాయి రచయిత కాదు. చక్రపాణి గారి అనువాదాలు చదివి ఆయన్ని తెలుగు రచయితే అనుకున్నవాళ్లున్నారు. కానీ దేవదాసు ఇంటింటికీ చేరింది 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన సినిమాతో. అక్కినేని, సావిత్రి, చంద్రముఖిగా లలిత, సుబ్బరామన్ సంగీతం, ఘంటసాల గొంతు. గొప్ప సినిమా, అందులో సందేహం లేదు. అంతకుముందు బెంగాలీలో ప్రమథేశ్ బారువా, హిందీలో సైగల్ చేశారు. సినిమాకు ఒక సహజమైన ఇబ్బంది ఉంది. నవలలో రచయిత పక్కన నిలబడి, ఈ మనిషి ఇక్కడ తప్పు చేస్తున్నాడని మనకు గుర్తు చేస్తుంటాడు. తెర మీద ఆ గొంతు ఉండదు, నటుడి ముఖం ఉంటుంది. అక్కినేని ఆ మత్తుకళ్లతో ‘జగమే మాయ’ పాడుతుంటే మన సానుభూతి మొత్తం అటే వెళుతుంది. గాలపు కర్ర దెబ్బ కూడా ఆ పాటల వెలుగులో ప్రేమలా కనబడుతుంది. అక్కడి నుంచి ప్రేమలో దెబ్బతిన్న మగాడంటే గడ్డం, సీసా, విషాదగీతం అనే నమూనా తెలుగు తెర మీద స్థిరపడిపోయింది. అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోతే మోసగత్తె, అబ్బాయి తాగి పాడైపోతే త్యాగమూర్తి. మీ క్లాసులో వినిపించిన మాట ఈ వరస నుంచే వచ్చిందని నేననేది ఇందుకే.

పైన శీర్షికలో ఉన్న ప్రశ్నకు నా జవాబు: అతను ప్రేమికుడూ అవును, పిరికివాడూ అవును, రెండూ ఒకే మనిషిలో నిజం. ప్రేమ అబద్ధమని నవల ఎక్కడా అనలేదు. ప్రేమించడానికి తెగింపు కావాలని, ఆ తెగింపును ఆ కాలపు మగపిల్లలకు ఎవరూ నేర్పలేదని మాత్రం అడుగడుగునా చూపించింది.

పేపర్ రాసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ‘టాక్సిక్ మగతనం’ అనే మాట ఇప్పుడు బాగా వాడుకలో ఉంది, మీరూ వాడాలనుకుంటారు. వాడండి కానీ ముద్ర వేసి వదిలేయకండి. అది దేవదాసు ఒక్కడి స్వభావదోషంలా వినిపిస్తుంది. దేవదాసు తండ్రి నారాయణ ముఖర్జీ, నీలకంఠ చక్రవర్తి, చున్నీలాల్, నుదుటి మచ్చ గురించి ఎవరూ ఏమీ చేయని ఊరు, వీళ్లందరినీ కలిపితేనే దేవదాసు అర్థమవుతాడు. సంబంధం కాదనడంలో తండ్రితో పాటు తల్లి కూడా ఉందని గుర్తుంచుకోండి. పరువు కాపలా ఆడవాళ్ల చేత చేయించడం కూడా ఆ వ్యవస్థలో భాగమే.

ఎవరో ఒకరు తప్పకుండా ‘ఆ కాలం అలాంటిది, ఇప్పటి కొలతలతో చూడకూడదు’ అంటారు. పార్వతీ ఆ కాలపు మనిషే కదా అని అడగండి. పదమూడేళ్లకు పెళ్లి చేసే కాలంలోనే ఆమె తన పెళ్లి గురించి తానే మాట్లాడింది. ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండాలన్న చట్టం 1929లో గానీ రాలేదు, అంటే ఆమెకు అండగా చట్టం కూడా లేదు. చంద్రముఖికి సంఘంలో చోటే లేదు. వాళ్లిద్దరూ చేయగలిగింది చదువు, ఆస్తి, నౌకరు ఉన్న కుర్రాడు ఎందుకు చేయలేకపోయాడన్నది ఇప్పటి కొలత కాదు, ఆ నవలలోనే ఉన్న కొలత.

చివరగా పుస్తకం గురించి. బజారులో దొరికే సంక్షిప్త ప్రతులతో పని నడిపించకండి. వాటిలో బడి అధ్యాయాలు, హాతీపోతా అధ్యాయాలు కుదించేసే ప్రమాదం ఉంది, మీకు కావలసినవి సరిగ్గా అవే. పూర్తి అనువాదం సంపాదించండి. కొనే ముందు చివరి పేజీ తిప్పి, పార్వతి సంగతి కనుక్కోవాలనిపించడం లేదన్న వాక్యం ఉందో లేదో చూడండి. లేకపోతే వేరే ప్రతి వెతుక్కోండి.